ఇస్నోఫీలియా యనునది యేమి?



మన పల్లెలలో తఱచుగ వినవచ్చు మాట యొకటి కలదు. "పిల్లవానికి రాత్రులందు దగ్గు తగ్గుట లేదు. పట్నము తీసికొనిపోయి రక్తము పరీక్ష చేయించితిమి. ఇస్నోఫీలియా యట" అందురు. విన్నవారు, రోగమేదో తెలిసినది గదా యని తల యూపుదురు. జ్వరమువలె, కామెర్లవలె ఇదియు నొక రోగమని పలువురి నమ్మకము. దానికొక మాత్ర గలదనియు, ఆ మాత్ర మ్రింగినచో అది పోవుననియు మఱియొక నమ్మకము. నేను వైద్యుడను గనుక ఈ మాటను దినదినమును వినుచున్నాను. అది రోగము పేరు కాదు. రక్తములో ఒక జాతి కణముల లెక్క హెచ్చినదని మాత్రమే దాని యర్థము. ఎందుకు హెచ్చినది, ఎవరు పిలువగా హెచ్చినది యని విచారింపక, లెక్కనే రోగమనుకొని మందులు మ్రింగుటచేత ఎందఱో యేండ్ల తరబడి ఆయాసపడుచున్నారు. కొందఱికి ప్రాణము మీదికి వచ్చుటయు గలదు. కావున ఆ కణములెక్కడ పుట్టును, ఎవరి పిలుపున కదలును, ఊపిరితిత్తులకు చేరి యేమి చేయును అను సంగతిని నేడు మీతో ముచ్చటింప దలచితిని.

రక్తములో ఎఱ్ఱకణములు, తెల్లకణములు అని రెండు తెగలున్నవి. ఎఱ్ఱకణములు ప్రాణవాయువును మోయునవి, తెల్లకణములు కావలివాండ్రు. ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘన మిల్లీమీటరునకు, అనగా గుండుసూది తలయంత బొట్టునకు, సుమారు 4,000 మొదలు 11,000 వఱకు తెల్లకణములుండును. ఈ కావలివాండ్రలో పలు జాతులు గలవు. జర్మనీ దేశస్థుడైన పాల్ ఎర్లిక్ 1879లో రక్తపు బొట్టును గాజుపలకపై పలుచగ పూసి, ఆ కాలమున క్రొత్తగ వచ్చిన అద్దకపు రంగులను దానిపై వేసి సూక్ష్మదర్శినితో పరిశీలించెను. కొన్ని తెల్లకణముల కడుపులో గింజలవలె నున్న రేణువులు ఇయోసిన్ అను రంగును త్రాగి తూర్పు తెల్లవాఱినప్పటి వన్నెతో మెఱసినవి. గ్రీకుల పురాణములలో ఇయోస్ అనగా ఉషోదేవత. ఆమె పేరే ఆ రంగునకు పెట్టియుండిరి. ఆ రంగును కోరునది గావున కణమునకు ఇయోసినోఫిల్ అని పేరు వచ్చెను. ఆ కణములు హెచ్చుటకు ఇయోసినోఫీలియా యని పేరు. అదియే మన నోళ్లలో నలిగి ఇస్నోఫీలియా యైనది. ఆరోగ్యవంతునకు ఘన మిల్లీమీటరున ఈ కణములు 500 మించవు.

ఇచట మొట్టమొదట గ్రహింపవలసిన సంగతి యొకటి గలదు. ఈ కణమునకు రక్తము ఇల్లు కాదు, దారి మాత్రమే. ఎముకలలోని మూలుగలో అది పుట్టి, వారము దినములపాటు పెరిగి, రక్తములో ఒక దినమునకు మించకుండ ప్రయాణము చేసి, అచటినుండి దేహభాగములలోనికి దిగిపోవును. ఆరోగ్యముగ నున్నవారిలో చాల భాగము ప్రేవుల గోడలకు చేరును. కాబట్టి రక్తపరీక్షలో మనము లెక్కించునది బాటవెంట పోవువారిని మాత్రమే. బాటమీద జనము క్రిక్కిఱిసి పోవుచున్నారని మీరు దూరమునుండి చూచితిరనుకొనుడు. వారు తిరునాళ్లకు పోవుచున్నారా, గడ్డివామి అంటుకొన్నదని బిందెలతో పరుగెత్తుచున్నారా, అది దూరమునుండి తెలియదు. పోవు చోటికి పోయి చూడవలెను.

ఈ కణము ఎవరితో పోరుటకు పుట్టినది? చిన్న సూక్ష్మజీవులను మ్రింగుటకు వేఱు తెల్లకణములున్నవి. కాని ప్రేవులలో చేరు పురుగులు, బోదకాలును కలిగించు పురుగులు మొదలగు వానిని ఏ కణమును మ్రింగజాలదు. కణముకంటె పురుగు వేనవేల రెట్లు పెద్దది. అందుచేత ఇయోసినోఫిల్ కణములు గుంపుగా చుట్టుముట్టి, తమ కడుపులోని రేణువులను పురుగుమీద వెళ్లగ్రక్కును. ఆ రేణువులు విషమువంటివి. పురుగు చర్మమును కాల్చును. మనుష్యజాతితో పాటు పురుగులును అనాదిగా నున్నవి గనుక దేహము ఈ దండును సిద్ధముగ నుంచుకొనినది. చిక్కెక్కడ వచ్చినదనగా, పురుగులేని చోట పురుగున్నదని కొందఱి దేహము భ్రమపడును. గాలిలోని ధూళి, పుప్పొడి, బూజు మొదలగు వానిని చూచి శత్రువు వచ్చెనని దండోరా వేయించును. ఈ భ్రమనే 'పడకపోవుట' యని మనవారు చక్కగ చెప్పుదురు. 1906లో వియన్నా నగరపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కె దీనికి ఎలర్జీ యని పేరు పెట్టెను. నన్నడిగినచో మనవారి మాటయే సూటియైనది.

భ్రమ యనునది రక్తములోనే యున్నదని తెలిసిన విధము వినదగినది. కుస్ట్‌నర్ అను వైద్యునకు వండిన చేప పడెడిది కాదు. తిన్నచో దద్దుర్లు లేచెడివి. ఆయన మిత్రుడు ప్రౌస్నిట్స్ అను వైద్యునకు చేప తినుటలో ఏ బాధయు లేదు. కుస్ట్‌నర్ రక్తమునుండి తీసిన పసుపువన్నె ద్రవమును ప్రౌస్నిట్స్ తన చర్మములోనికి ఎక్కించుకొని, మఱునాడు అచటనే చేపరసమును పొడిపించుకొనెను. కొద్ది నిమిషములలో ఆ చోటు మాత్రము దద్దురు కట్టి లేచెను. వారిరువురు 1921లో దీనిని ప్రకటించిరి. ఒకని దేహములోని భ్రమను మోయు పదార్థమేదో రక్తములో నున్నదని స్పష్టమైనది గాని, అదేమో తెలియుటకు ఇంకను 45 సంవత్సరములు పట్టినది. 1966లో జపానుదేశపు దంపతులైన ఇషిజాకాలు అమెరికాలోని డెన్వరు నగరమున దానిని వేఱుచేసి చూపిరి. 1967లో స్వీడను దేశమున యోహాన్‌సన్, బెన్నిక్ అనువారును వేఱు త్రోవను వచ్చి అదే పదార్థమును కనుగొనిరి. 1968లో దానికి ఐజీఇ అని పేరు నిర్ణయమైనది. ఇది రక్తములో మిక్కిలి స్వల్పముగ నుండును. అయినను చర్మములోను, శ్వాసనాళముల గోడలలోను కాపురముండు మాస్ట్ కణములు అను వానికి ముండ్లవలె అంటుకొని యుండును.

ఇక ఉబ్బసపురోగి యింటికి వచ్చెదము. మంచముమీది పఱుపులో, దిండులో, పాత బొంతలో కంటికి కానరాని పురుగు యొకటి గలదు. నల్లి కాదు, నల్లికంటె చాల చిన్నది, మిల్లీమీటరులో మూడవవంతును మించదు. మనుష్యుని దేహమునుండి రాలిన చర్మపు పొట్టును తిని బ్రతుకును. ఇండ్లలోని ధూళి కొందఱికి పడకపోవుటకు ఈ పురుగే ముఖ్యకారణమని 1964లో హాలెండు దేశమందలి లైడెన్ నగరమున వోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా అనువారు తేల్చిరి. పురుగు కఱచుట లేదు. దాని మలము ఎండి పొడియై గాలిలో కలిసి మన శ్వాసతో లోపలికి పోవును. ఆ పొడిలో ఆహారమును జీర్ణము చేయు రసముండును. శ్వాసనాళము లోపలి పొరలో కణములను ఒకదానితో నొకటి కుట్టియుంచిన కుట్లను అది విప్పివేయును.

అపుడు ఆ పొరలోని కణములే మొదటి కేక వేయును. చాలకాలము వైద్యులు ఈ పొరను గోడ యనియే తలచిరి. అది ఊరి పొలిమేరనుండు తలారివంటిదని క్రొత్తగా తెలిసినది. కేక యనగా శబ్దము కాదు, కొన్ని మాంసకృత్తులు. వానిని పొర బయటికి విడుచును. ప్రక్కనున్న కణములు వానిని తాకి గ్రహించును. వానిని గ్రహించు కణములలో ఒక జాతి 2010 ప్రాంతమున గాని బయటపడలేదు. ఈ గ్రహించిన కణములు మరల తమ సందేశములను పంపును. ఈ సందేశములకు ఇంటర్‌ల్యూకిన్లని పేరు. తెల్లకణముల నడుమ నడచునవి యని దాని భావము. వానికి వరుసగ అంకెలు వేసిరి. మన కథకు మూడింటిని జ్ఞాపకముంచుకొనిన చాలును. నాలుగవది ఐజీఇని పుట్టింప జేయును. పదుమూడవది శ్వాసనాళములో కఫమును ఊరించును. అయిదవది రక్తములో పడి దూరమునున్న ఎముకల మూలుగను చేరి, "ఇయోసినోఫిల్ కణములను పంపుడు" అని యాజ్ఞాపించును. ముక్కులో దూఱిన దుమ్మునకు తొడయెముకలో అలజడి పుట్టుట యీ విధముగనే.

పిలుపు విని బయలుదేఱిన కణము చోటును ఎట్లు గుర్తించును? రక్తము ఏటివలె వడిగా పాఱుచుండును. అందులో కొట్టుకొనిపోవు కణమునకు ఊపిరితిత్తుల యొద్దనే దిగవలెనని యెవరు చెప్పుదురు? 1867లో కోన్‌హైమ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు బ్రతికియున్న కప్ప ప్రేవులను పట్టియుంచు పలుచని పొరను సూక్ష్మదర్శిని క్రింద పఱచి, గంటల తరబడి కన్నార్పక చూచెను. తెల్లకణములు మొదట రక్తనాళపు గోడ వెంబడి దొర్లినవి; పిదప అంటుకొని నిలిచినవి; తరువాత గోడలోనుండి సన్నగ సాగి బయటికి వచ్చినవి. వరదలో కొట్టుకొనిపోవువాడు ఒడ్డునున్న కొమ్మలను ఒకటి తరువాత నొకటి పట్టుకొనుచు, గట్టి కొమ్మ దొరకినచోట నిలిచి గట్టెక్కినట్లుండును. ఆ కొమ్మలేవో నేడు మనకు తెలియును. ఇందాక చెప్పిన నాలుగవ, పదుమూడవ సందేశములు ఊపిరితిత్తులలోని రక్తనాళముల గోడలకు తగిలినపుడు, ఆ గోడలపై ఇయోసినోఫిల్ కణము పట్టుకొనుటకు తగిన పిడులు మొలచును. పిలుపు లేని చోట పిడులు మొలవవు. కణము ఆగక సాగిపోవును.

గట్టెక్కిన పిదప దారి చూపునది వాసన. ఇంటిలో ఎచటనో మూల పడిన బెల్లపు ముక్కను చీమలెట్లు కనుగొనునో చూచియున్నారు గదా. బెల్లము దగ్గఱ వాసన హెచ్చు, దూరమున తక్కువ. తక్కువనుండి హెచ్చునకు చీమ నడచును. ఇయోసినోఫిల్ కణమునకు బెల్లమువంటి పదార్థమును 1994లో లండనులో కనుగొనిరి. ఎలర్జీ కలిగించిన గినీపందుల ఊపిరితిత్తులను ఉప్పునీటితో కడిగి, ఆ నీటిని వేఱు గినీపంది చర్మములోనికి ఎక్కింపగా, ఇయోసినోఫిల్ కణములు ఆ చోటికి వచ్చి చేరినవి. ఆ నీటిలోనుండి వేఱుచేసిన పదార్థమునకు ఇయోటాక్సిన్ అని పేరిడిరి. ఉబ్బసపురోగి శ్వాసనాళపు పొర దీనిని ఊరించుచుండును. కణమునకు దీనిని పసిగట్టు ముక్కువంటి సాధనము ఒంటినిండ గలదు.

ఈ ప్రయాణమునకు కొంత కాలము పట్టును. ఉబ్బసములోని యొక వింత దీనివలన విడిపోవుచున్నది. వేరుసెనగ కాయలు కొట్టించు నాడో, పాత ధాన్యపు గాదె దులిపిన నాడో పడనివానికి పది పదునైదు నిమిషములలో ఛాతి బిగిసి పిల్లికూతలు పుట్టును. ఇది మాస్ట్ కణముల పని. వానికంటిన ఐజీఇకి ధూళి తగులగనే అవి పగిలి, హిస్టమిన్ మొదలగు పదార్థములను చిమ్మును. నాళము చుట్టునున్న కండరము బిగుసుకొనును. గంట రెండు గంటలలో బిగువు సడలును. రోగి, గండము గడచెనని స్నానము చేసి భోజనమునకు కూర్చుండును. ఈ లోపల తెల్లకణములు దారిలో నున్నవి. మూడు నాలుగు గంటలైన పిదప పలువురకు రెండవ విడత ఆయాసము మొదలగును. అది మొదటిదానికంటె మొండిది, తెల్లవాఱు వఱకు నుండవచ్చును. పగలు దుమ్ములో పనిచేసి రాత్రి ఆయాసపడువాడు, రాత్రి తినిన పెరుగుమీదనో అరటిపండుమీదనో నేరము మోపుట మనము చూచుచునే యున్నాము. పెరుగున కేమి తెలియును!

చేరిన కణములు పురుగు కొఱకు వెదకును. పురుగు లేదు. అయినను తెచ్చిన రేణువులను అచటనే క్రుమ్మరించును. పురుగు చర్మమును కాల్చవలసిన పదార్థము మన శ్వాసనాళపు పొరను కాల్చును. పొర రాలిపోయి క్రింది నరములు బయటపడును. అపుడు పొయ్యి పొగ, పోపు ఘాటు, చల్లగాలి, తుదకు గట్టిగ నవ్వుటయు ఆయాసమునకు కారణమగును. నాళపు గోడ వాచును. జిగట కఫము గొట్టములను పూడ్చును. సూదులవలె మెఱయు స్ఫటికములను 1853లో షార్కో, ఉబ్బసపురోగి కఫములో 1872లో లైడెన్ అను వైద్యులు వర్ణించిరి. ఎర్లిక్ ఇయోసినోఫిల్ కణమునకు పేరు పెట్టుటకు పూర్వమే ఆ కణముల శవశేషములను వారు చూచిరన్నమాట. అవి యాకణములోని మాంసకృత్తు గడ్డకట్టగా నేర్పడిన స్ఫటికములని తరువాత తెలిసెను.

ఇంతవఱకు విన్నవారికి మందుల సంగతి చెప్పుట సులభము. ఉబ్బసమునకు పీల్చుమందులు రెండు తెగలు. సాల్బుటమాల్ వంటివి మొదటి తెగ. 1969 నుండి వాడుకలో నున్నవి. ఇవి బిగిసిన కండరమును నిమిషములలో సడలించును. రోగికి ప్రాణము లేచివచ్చినట్లుండును. కాని తలారి కేక ఆగలేదు, మూలుగనుండి దండు కదలుట ఆగలేదు. రెండవ తెగ స్టీరాయిడు పీల్చుమందులు. 1972లో బెక్లోమెథసోన్ అనునది మొదట వచ్చినది. ఇవి కేకనే అణచును. వచ్చిన కణములు చచ్చిపోవునట్లు చేయును. వీని గుణము వెంటనే కనబడదు, దినములు వారములు పట్టును. కనబడదు గావున మనవారు దీనిని మాని, వెంటనే కనబడు మొదటిదానిని మాత్రము జేబులో వేసికొని తిరుగుదురు. ఉబ్బసమువలన కలుగు మరణములలో ఈ పొరపాటు తఱచుగ కానవచ్చును. ఆస్త్మా చికిత్సకు నియమములు కూర్చు అంతర్జాతీయ సంఘము, గీనా యనునది, పెద్దలకును యౌవనమునందున్నవారికిని సాల్బుటమాల్ వంటి మందునొక్కదానినే యిచ్చుట తగదని 2019లో ప్రకటించెను.

పీల్చుమందు అలవాటైపోవునని, అది చివరి మందని, ఆడపిల్లకు మొదలుపెట్టినచో సంబంధములు రావని పెద్దలు వెనుదీయుదురు. స్టీరాయిడు మాత్ర మిల్లీగ్రాములలో తూచబడును; పీల్చుమందు మైక్రోగ్రాములలో, అనగా మిల్లీగ్రాములో వేయవ వంతులలో తూచబడును. మాత్ర దేహమంతటికిని పోవును. పీల్చినది పోవలసిన చోటికే చాలవఱకు పోవును. పీల్చిన పిదప నోరు పుక్కిలించి యుమ్మివేయవలెను, లేనిచో నోటిలో పూత వచ్చును. అలవాటు మాట యెట్లున్నను, కళ్లజోడు అలవాటగునని కన్నులు మూసికొని నడచువారు లేరు గదా. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున హైదరాబాదుకు పోయి చేపమందు మ్రింగి వచ్చువారితో నాకు తగవు లేదు. మ్రింగివచ్చిన ధైర్యముతో పీల్చుమందును మానవలదని మాత్రము చేతులు జోడించి చెప్పుచున్నాను.

లెక్కను రక్తములోగాక కఫములో చూచినచో నేమగునని యింగ్లండులోని లెస్టరు నగరపు వైద్యులు విచారించి, 2002లో తమ ఫలితమును ప్రకటించిరి. 74 మంది రోగులను రెండు జట్లు చేసిరి. ఒక జట్టునకు ఆయాసము, దగ్గు చూచి వాడుక ప్రకారము మందు హెచ్చించి తగ్గించిరి. రెండవ జట్టునకు కఫములో ఇయోసినోఫిల్ కణములను లెక్కించి, దానినిబట్టి నడిపిరి. సంవత్సరము గడచునప్పటికి మొదటి జట్టున తీవ్రమైన ఆయాసపు దాడులు 109, రెండవ జట్టున 35. వింత యేమనగా రెండవ జట్టువారు వాడిన స్టీరాయిడు మొత్తముమీద ఎక్కువ కాదు. వలసినవారికి వలసినంత, వలదన్నవారికి తక్కువ చేరినది.

అయిదవ సందేశమునే అడ్డగించు మందు, మెపోలిజుమాబ్ అనునది, పిమ్మట వచ్చెను. దాని చరిత్రలో మనకు పనికివచ్చు సంగతి యున్నది. 2000 సంవత్సరమున మొదటి పరీక్షలో అది రక్తములోని ఇయోసినోఫిల్ కణములను దాదాపు లేకుండ చేసినది. ఉబ్బసము మాత్రము చెక్కుచెదరలేదు. ఈ కణమునకును ఉబ్బసమునకును సంబంధమే లేదని కొందఱు వాదించిరి. 2003లో ఊపిరితిత్తుల నుండి చిన్న ముక్కలను తీసి చూడగా, రక్తము ఖాళీయైనను శ్వాసనాళములలో సుమారు సగము కణములు అట్లే కూర్చుండియున్నవి. బాటమీద జనము లేరు, ఇంటిలో మాత్రమున్నారు! తరువాత 2009లో, కఫమునందు ఈ కణములు మెండుగ నుండి మాటిమాటికి దాడి వచ్చువారిని మాత్రమే ఏఱి 61 మందికి పరీక్ష చేయగా, ఏటికి సగటున 3.4గా నున్న దాడులు మందు పుచ్చుకొన్నవారిలో 2.0కి దిగినవి. 2015లో దానికి అమెరికాలో అనుమతి లభించెను. తలారి మొదటి కేకను ఆపు టెజెపెలుమాబ్ అను మందునకు 2021లో అనుమతి వచ్చెను. ఇవి మిక్కిలి వెలగలవి. పీల్చుమందులకు లొంగని తీవ్రరోగులకే ఉద్దేశింపబడినవి. ఉబ్బసమంతయు ఒక్క తీరుది కాదని, కొందఱి ఉబ్బసములో ఈ కణముల పాత్ర స్వల్పమని కూడ వీని వలననే గట్టిపడినది.

ఇపుడు మన దేశపు విషయము. రాయలసీమలో మదనపల్లె చెంత ఆరోగ్యవరము నందలి క్షయవైద్యశాలకు పూర్వము దూరదూరమునుండి దగ్గువారు వచ్చెడివారు. కొందఱి ఛాతి ఎక్స్‌రేలో క్షయవలె మచ్చలు కనబడెడివి. కఫములో క్షయక్రిమి మాత్రము ఎంత వెదకినను దొరకెడిది కాదు. రక్తములో ఇయోసినోఫిల్ కణములు విపరీతముగ నుండెడివి. అచటి వైద్యులు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనువారు ఇది క్షయ కాదని గుర్తించి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్ అను పత్రికలో ప్రకటించిరి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దీనికి ట్రోపికల్ ఇయోసినోఫీలియా యని పేరు పెట్టెను. కారణము చాలకాలము తెలియలేదు. 1960లో వేలూరు వైద్యులు రోగుల ఊపిరితిత్తులలో బోదకాలు జాతి పురుగుల పిల్లలను చూపిరి. దోమ ద్వారా చేరిన పురుగు పెట్టిన పిల్లలు మామూలుగ రక్తములో తిరుగును. ఈ రోగులలో అవి ఊపిరితిత్తులలో చిక్కుకొని, దేహము వానిపై మితిమీఱిన దండు నెత్తును. రాత్రులందు దగ్గు, పిల్లికూతలు, సన్నని జ్వరము, చిక్కిపోవుట దీని లక్షణములు. ఇయోసినోఫిల్ కణములు ఘన మిల్లీమీటరునకు 3,000 మించియుండును. చూచుటకు ఉబ్బసమువలెనే యుండును. కాని దీనికి డైఇథైల్ కార్బమజైన్ అను మాత్ర సుమారు మూడు వారములు వైద్యుడు చెప్పిన మోతాదున వాడవలెను. వాడక యేండ్లు గడపినచో ఊపిరితిత్తులు పీచుకట్టి పాడగును.

మన యంగళ్లలో బానోసైడ్ అను పేర తెలిసిన మాత్ర యిదియే. "ఇస్నోఫీలియాకు మాత్ర గలదు" అను నమ్మకము పుట్టినది ఇచటనే. పురుగు వలన దండు లేచినవానికి ఇది దివ్యౌషధము. పఱుపులోని ధూళి వలన లేచినవానికి ఇది యేమియు చేయదు. పురుగే లేనప్పుడు పురుగును చంపు మందేమి చేయగలదు? లెక్క 700 ఉన్నను ఈ మాత్ర, 900 ఉన్నను ఈ మాత్ర, ఏటేట ఈ మాత్ర. అట్లు గడపిన పిల్లలు నాయొద్దకు వచ్చినప్పుడు పిచ్చుకగూటివంటి ఛాతితో వచ్చుచున్నారు. వారికి కావలసినది ఉబ్బసపు పీల్చుమందు; ఎండలో నెండిన పఱుపు, వేడినీట ఉతికిన దుప్పటి, పొగ పోవుటకు దారియున్న వంటిల్లు.

దీనికి తలక్రిందైన ప్రమాదము మఱియొకటి గలదు. దగ్గు, ఆయాసము గలవానికి ఊరిలో ఎవరో డెక్సామెథసోన్ సూదియో, ప్రెడ్నిసొలోన్ మాత్రయో ఇత్తురు. రెండును స్టీరాయిడులే. గంటలలో ఆయాసము తగ్గును. రక్తములో ఇయోసినోఫిల్ లెక్కయు గంటలలో పడిపోవును. లెక్క సరియైనదని కాగితము చూచి సంతసింతురు. ఇంతలో, చెప్పులు లేక పొలములో తిరుగునపుడు పాదము చర్మమును తొలిచి లోనికి వచ్చిన సన్నని పురుగు యొకటి, స్ట్రాంజిలాయిడిస్ అనునది, అతని ప్రేవులలో ఏండ్లనుండి కాపురమున్నదనుకొనుడు. ఊపిరితిత్తుల మీదుగా ప్రయాణించు ఆ పురుగే దగ్గును, ఇయోసినోఫిల్ హెచ్చును కలిగించి యుండవచ్చును. కావలివాండ్రను స్టీరాయిడు పడుకొనబెట్టగనే అది లోలోపలనే వేలకువేలుగ పెరిగి, ప్రేవులను చీల్చుకొని దేహమంతట వ్యాపించును. అట్టి స్థితికి వచ్చినవారిలో ఎక్కువమందిని దక్కించుకొనుట కష్టము. కావున ఇయోసినోఫిల్ లెక్క హెచ్చుగ నున్న రైతుకో, కూలికో స్టీరాయిడు మాత్రలు దీర్ఘకాలము వాడవలసి వచ్చినప్పుడు ముందుగ ఈ పురుగునకు పరీక్ష చేయించవలెను. మలపరీక్షలో ఒకమారు కనబడకున్నను మరల మరల చూడవలెను. పురుగున్నచో ఐవర్మెక్టిన్ అను మందుతో దానిని వెళ్లగొట్టిన పిదపనే స్టీరాయిడు మాట యెత్తవలెను. సూది వేయువాడు ఈ సంగతి నడుగకున్నచో మీరే యడుగుడు.